గరుసు నేలలో నాలుగు మామిడి రకాలు: పాకాల దగ్గర ఒక వర్షాధార తోపు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పాకాల మండలంలో మా మేనమామకు ఒకే చెక్కగా నాలుగున్నర ఎకరాల మెట్ట చేను ఉంది. చాలా ఏళ్లు ఆయన అందులో చెనక్కాయ (వేరుశనగ) వేశారు. అదనుకు వాన పడితే కాయ, పడకపోతే పశువులకు కట్టె అన్నట్టు సాగిన సేద్యం అది. రెండుసార్లు బోరు వేయిస్తే రెండుసార్లూ దుమ్మే లేచింది. 2012 వేసవిలో ఆయన నన్ను పిలిపించి, "అల్లుడా, ఏటా విత్తనాలు కొని మన్నులో పోసే ఓపిక నాకిక లేదు. నీళ్లడగని మానేదో చూసి నాటిపెట్టు" అన్నారు. తోపులు వేయించడం, అంట్లు కట్టడం నా వృత్తి. అయితే అప్పటివరకు నేను వేయించిన తోపులన్నీ బోరూ డ్రిప్పూ ఉన్నవే. నీళ్లు లేని చేలో ఏ రకం నిలుస్తుందో విన్నది చెప్పగలను గాని, పక్కపక్కన నాటి చూసింది చెప్పలేను. అందుకే ఆయన ఒప్పుకున్నాక ఆ చేనినే పోల్చి చూసే చోటుగా పెట్టుకున్నాను. కింద రాసిన లెక్కలన్నీ ఆ ఒక్క చేనివి, అదీ 2012 జూలై నుంచి 2025 జూలై వరకు నా నోటుపుస్తకంలో రాసుకున్నవి.

చేను సంగతి ముందు చెప్పాలి. పడమటి వైపు గుట్ట, తూర్పున వంక. గుట్ట దిగువన అడుగున్నర లోతు ఎర్రమన్ను తవ్వితే గరుసు, అంటే రాళ్లు కలిసిన గట్టి పొర, తగులుతుంది. వంక దగ్గరికి వచ్చేసరికి అదే ఎర్రమన్ను నాలుగడుగుల వరకు దిగుతుంది. ఈ తేడా పైకి కనిపించదు. వాన పడిన మర్నాడు చూసినా చేనంతా ఒకే రంగులో ఉంటుంది. ఈ తేడాను పట్టించుకోకపోవడమే నా మొదటి తప్పు. దాని గురించి తరువాత రాస్తాను.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ దాదాపు చెరి సగం తెస్తాయి. 550 మిల్లీమీటర్లతో నెట్టుకొచ్చే అనంతపురంతో పోలిస్తే మనది కరవు నేల అనడానికి నోరు రాదు. అయినా ఇక్కడి తోపులు వేసవిలో ఎండుతున్నాయి. కారణం వాన తక్కువ కావడం కన్నా, వాన పడే కాలానికీ కాయ పెరిగే కాలానికీ పొంతన లేకపోవడం. జూన్‌ నుంచి డిసెంబరు మొదటి వారం వరకు వాన పడుతుంది. మామిడి డిసెంబరు, జనవరి నెలల్లో పూత పూసి, ఫిబ్రవరి నుంచి కాయను పెంచుకుంటుంది. అంటే వానలు పడే ఆరు నెలలూ మాను ఆకు వేసుకుంటుంది, వానలు లేని ఆరు నెలలూ కాయను మోస్తుంది. వర్షాధార మామిడిలో ఏ రకాన్నయినా తూచవలసిన తక్కెడ ఇదే అని నాకు అర్థం కావడానికి ఏడేళ్లు పట్టింది. ఏప్రిల్‌, మే నెలల్లో నేలలో మిగిలి ఉన్న తేమతో కాయ ఎన్ని రోజులు వేలాడవలసి వస్తుంది, ఆ తేమను వేరు ఎంత లోతు నుంచి తెచ్చుకోగలదు అన్న రెండు ప్రశ్నలకే మిగిలినదంతా వచ్చి చేరుతుంది.

మొదటి నాటు, తప్పుడు తీర్పు

2012 జూలైలో ఎకరంన్నరలో ఎనిమిది మీటర్ల ఎడంతో 90 అంట్లు నాటాము. పాలిథీన్‌ సంచుల్లో పెంచిన ఏడాది వయసు అంట్లు అవి. వంక దగ్గరి కయ్యలో బేనీషా (బంగినపల్లి) 30, నడుమ తోతాపురి 30, గుట్ట దిగువన నీలం 30 పెట్టాను. బేనీషాను కింద పెట్టడానికి నా దగ్గరున్న కారణం ఒక్కటే: దానికి ధర ఎక్కువ, కాబట్టి మంచి చోటు ఇద్దామని. జనవరి నుంచి జూన్‌ వరకు పదిహేను రోజులకొకసారి మొక్కకు ఇరవై లీటర్ల చొప్పున ఎడ్లబండి మీద డ్రమ్ముతో నీళ్లు తెచ్చి పోశాము. ఈ నీళ్లు మొదటి రెండు వేసవులకే అని, ఆ తరువాత ఏ రకం బతికితే అది బతుకుతుందని ముందే అనుకున్నాము.

2014 వేసవి దాటేసరికి బేనీషా 26, తోతాపురి 21, నీలం 14 మిగిలాయి. నేను అప్పుడే తీర్పు ఇచ్చేశాను. నీలం మెట్టకు పనికిరాదు, బేనీషా గట్టి రకం అని నలుగురైదుగురు రైతులతో చెప్పాను కూడా. ఊళ్లో చాలాకాలంగా వినిపించే మాటకు ఇది సరిగ్గా ఎదురు. పెద్దవాళ్లు నీలాన్ని, తోతాపురిని ఏటా కాసే మొండి రకాలనీ, బేనీషాను నీళ్లడిగే జాతి అనీ చెబుతారు. నా లెక్క వాళ్ల మాటను కొట్టేసిందని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ జూన్ చివర్లో చచ్చిన నీలం మొక్కల స్థానంలో మళ్లీ నాటడానికి గుంతలు తీయిస్తున్నప్పుడు గడ్డపార ఒకటిన్నర అడుగుకే ఖంగుమని మోగింది. పక్క గుంతలోనూ అంతే. కూలీ మనిషి గడ్డపార పక్కన పెట్టి, "సామీ, ఇది మన్ను కాదు, రాయికి పైన కప్పిన దుప్పటి" అన్నాడు. వంక దగ్గరికి వెళ్లి గడ్డపార దింపితే చేతి పిడి వరకు దిగింది. నేను పోల్చింది రకాలను కాదు, నేల లోతును. బేనీషా గట్టిదైనందున బతకలేదు, లోతైన మన్నులో ఉన్నందున బతికింది. నా మాట విని బేనీషా అంట్లు కొన్న ఒక రైతు దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పుకోవలసి వచ్చింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గాని, ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

వాలు చేలో రకాలను పోల్చాలంటే ప్రతి రకం సాలూ పైనుంచి కిందికి నడవాలి. అప్పుడు ప్రతి రకానికీ కొంత గరుసు, కొంత లోతు మన్ను వస్తాయి. అడ్డంగా రకానికొక పట్టీ వేస్తే నేల తేడా అంతా రకం పేరు మీద జమ అవుతుంది. నేను చూసిన చాలా తోపుల్లో రైతులు రకాన్ని నిందించడానికి వెనక ఇలాంటి అడ్డ పట్టీలే ఉన్నాయి.

చుట్టకుదురు వేరు, దిగిన వేరు

2014లోనే మిగిలిన చేలో ఇంకొక ఎకరంన్నరకు రెండో నాటు మొదలుపెట్టాను. ఈసారి నాలుగు రకాలు: బేనీషా, తోతాపురి, నీలం, మల్లిక. మల్లిక 1970ల మొదట్లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నీలాన్ని దశేరితో సంకరం చేసి విడుదల చేసిన రకం. తల్లి నీలం కాబట్టి ఏటా కాస్తుందన్న ఆశతో చేర్చాను. ప్రతి రకానికీ రెండు సాళ్లు, రెండూ గుట్ట నుంచి వంకకు. ఒక సాలులో సంచి అంట్లు 12, రెండో సాలులో నేరుగా గుంతలోనే నాటు మామిడి టెంకలు వేసి, మొలక పెరిగాక అక్కడే అంటు కట్టడానికి 12 గుంతలు. మొత్తం 96.

గుంతకు మూడు టెంకల చొప్పున జూలైలో వేసి, ఏపుగా ఉన్న ఒక్క మొలకనే ఉంచాము. టెంక తాజాగా ఉండాలి, నెల దాటితే మొలక శక్తి పోతుంది. 2015 ఆగస్టులో, మబ్బు పట్టిన పది రోజులు చూసి, చీలిక అంట్లు కట్టాను. అంటు పుల్లను తల్లి మాను మీద ఉండగానే వారం పది రోజుల ముందు ఆకు తుంచి ఉంచాలి. తొడిమలు తమంతట తాము రాలి, కొన మొగ్గ ఉబ్బిన తరువాత కోయాలి. పెన్సిలంత లావు మొలకను జానెడు ఎత్తులో అడ్డంగా కోసి, నడుమ అంగుళంన్నర చీల్చి, పుల్లను రెండు వైపులా ఆప్పులా (చీలలా) చెక్కి దింపి, పాలిథీన్‌ పట్టీతో గాలి దూరకుండా చుట్టి, పైన సన్నటి పాలిథీన్‌ తొడుగు వేశాను. 48లో తొమ్మిది పట్టలేదు. మరుసటి ఆగస్టులో వాటికి మళ్లీ కట్టాను. నర్సరీలో నీడపట్టున కూర్చుని కట్టే అంటుతో పోలిస్తే ఎండన పడి నేల మీద వంగి కట్టే ఈ పని నడుముకు కష్టమే. అందుకే చాలామంది దీన్ని వద్దంటారు.

2015 నవంబరులో కుండపోత వానలు పడ్డాయి, చేలోని కందకాలన్నీ నిండాయి. ఆ మరుసటి ఏడాది ఈశాన్య రుతుపవనం పూర్తిగా మొహం చాటేసింది. చిత్త, స్వాతి కార్తెలు పొడిగానే వెళ్లిపోయాయి. 2017 ఏప్రిల్‌ నాటికి చేలో గడ్డి కూడా మిగలలేదు. రెండో నాటుకు నీళ్లు పోసే గడువు 2016 జూన్‌తోనే ముగిసింది, కాబట్టి ఆ వేసవి అసలు పరీక్ష అయింది. జూన్‌లో లెక్క పెడితే, 48 సంచి అంట్లలో 17 చచ్చాయి: బేనీషా 5, తోతాపురి 3, నీలం 4, మల్లిక 5. చేలోనే కట్టిన 48లో నాలుగే చచ్చాయి, రకానికొకటి.

చచ్చిన ఒక బేనీషా సంచి అంటును గడ్డపారతో పెకిలించి చూశాను. నాటి మూడేళ్లయినా దాని వేర్లు సంచి అడుగున తిరిగిన ఆకారంలోనే ఉన్నాయి. ఆడవాళ్లు తలమీద బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా, ఒకదాని మీద ఒకటి మెలిపడి, చేతిలో పెట్టుకుంటే అచ్చం అలాగే ఉంది. తల్లివేరు ఎక్కడా లేదు, అది సంచి అడుగును తాకినప్పుడే వంగిపోయింది. పక్క సాలులో బతికి ఉన్న టెంక మొక్క దగ్గర కందకం తవ్వించినప్పుడు బొటనవేలంత తల్లివేరు గరుసు సందుల్లోంచి నాలుగడుగులు దాటి కిందికి దిగడం చూశాము. పగుళ్లిచ్చిన రాతి నడుమ పిడికెడు తేమ ఉన్న చోటును అది వెతుక్కుంది. కొనుక్కొచ్చిన అంటును నాటక తప్పకపోతే ఇప్పుడు సంచి అడుగున చుట్టుకున్న వేరును కత్తెరతో కత్తిరించి, పక్కల చుట్టును చేత్తో విప్పి నాటిస్తున్నాను. ఎంతో కొంత మేలు కనిపిస్తోంది గాని, దిగిన తల్లివేరుకు అది సాటి రాదు.

ఆ 17కూ 4కూ నడుమ ఉన్న తేడా ముందు రకానికీ రకానికీ ఉన్న తేడా చాలా చిన్నది. బతకడం విషయంలో మెట్టకు ఈ నాలుగింటిలో ఏ రకం మంచిదని అడిగేవాళ్లకు, వేరు ఎక్కడ పుట్టిందని తిరిగి అడుగుతున్నాను.

కాయ మోసే రోజులు

బతకడం ఒక ఎత్తు, కాయడం ఇంకొక ఎత్తు. రకం గుణం బయటపడింది ఇక్కడే. 2018 చివర కూడా వానలు తగ్గాయి, 2019 వేసవిలో మా చుట్టుపక్కల రైతులు పెద్ద మాన్లను బతికించుకోవడానికి ట్యాంకర్లు తోలించారు. మా చేలో మొదటి నాటులోని మాన్లు అప్పటికి ఏడేళ్లవి, కాపులో ఉన్నాయి.

బేనీషా పూత బాగా వచ్చింది. పిందె నిమ్మకాయంత అయ్యేవరకు బాగుంది. మార్చి చివరి నుంచి రాలడం మొదలై, ఏప్రిల్‌ మధ్యకు మాను కింద నడిస్తే కాలి కింద పిందెలు పటపటమనేవి. నిలిచినవి మాత్రం మే రెండో వారానికి కోతకు వచ్చేశాయి. పెద్ద నష్టం చూసినా, మిగిలిన కాయ తక్కువ రోజులే వేలాడుతుంది గనుక అది చివరి వరకు ఆకారం చెడకుండా వచ్చింది. తోతాపురి అలా రాల్చలేదు, పట్టుకున్న పిందెను దాదాపు వదలలేదు. కాని అది కోతకు రావడానికి జూన్‌ నెలాఖరు దాటాలి. ఆ నడుమ మే నెలలో మాను కాయను మోస్తూనే ఆకును ఎండబెట్టుకుంది. కాయ చిలక ముక్కు తిరిగింది గాని లావు రాలేదు. నేను తూచిన ఇరవై కాయల సగటు 230 గ్రాములు. అదే తోపులో వానలు బాగున్న 2021 వేసవిలో ఇదే రకం 400 గ్రాములకు పైన తూగింది.

నీలానిది వేరే దారి. అది చిన్న కాయ, గుత్తులు గుత్తులుగా పడుతుంది, జూలై వరకు ఉంటుంది. అందరికన్నా ఎక్కువ రోజులు వేలాడుతుంది కాబట్టి అందరికన్నా ఎక్కువ దెబ్బ తినాలి. అలా కాలేదు. జూన్‌లో నైరుతి తొలి జల్లులు దానికే అందాయి. మేలో గోలీకాయలా గట్టిపడి ఆగిపోయిన నీలం కాయ, మృగశిర వాన ఒకటి పడగానే పదిహేను రోజుల్లో ఉబ్బి నునుపెక్కింది. ఎండిన నెలను నిద్రలో దాటేసి, వాన చూసి లేచినట్టు అనిపించింది. అదే వానతో పండు ఈగ కూడా లేచింది. 2019లో మగ ఈగలను లాగి పట్టే మిథైల్‌ యూజినాల్‌ ఎరలు పెట్టడం ఆలస్యమై, కోసిన నీలంలో మూడోవంతు పురుగు పట్టి పారబోశాము. తరువాతి ఏళ్లలో మే మొదటి వారంలోనే ఎరలు కడుతున్నాము, నష్టం బాగా తగ్గింది. నీలాన్ని మెట్టలో వేసేవాళ్లు ఎరల ఖర్చునూ తేనెమంచు పురుగు మందు ఖర్చునూ ముందే రకం ధరలో కలుపుకోవాలి. పూత దశలో తేనెమంచు దానికి బాగా పడుతుంది.

మల్లిక గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఏటా కాసింది, రుచికి సాటి లేదు, ఇంట్లో పిల్లలు దాన్నే అడుగుతారు. కోసిన తరువాత మాగబెట్టడానికి ఓపిక కావాలి. మండీలో దాని పేరు చెబితే కొనేవాడు మొహం చూసి, కలగలుపు ధర కట్టాడు. ఉన్న మాన్లు ఇంటికీ చుట్టాలకూ సరిపోతాయి.

కరవేడాదిలోనే కాదు, వాన ఎక్కువైన ఏడాదిలోనూ ఈ రకాల తేడా కనిపించింది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మా చేలో కూడా ఆగకుండా కురిశాయి. నాలుగు నెలలైనా ముదిరిన కొమ్మకే మామిడి పూత ఇస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో కొంత ఎండబెడితేనే ఆ కొమ్మ పూతకు తిరుగుతుంది. ఆ ఏడాది తేమ తగ్గకపోవడంతో బేనీషా మాన్లన్నీ డిసెంబరులో ఎర్రటి లేత చిగురు వేశాయి. చూడ్డానికి కన్నుల పండువగా ఉంది, కాపు మాత్రం ఆ ఏడాదికి పోయినట్టే. తోతాపురి, నీలం ఆలస్యంగా ఫిబ్రవరిలోనైనా సగం కొమ్మలకు పూత ఇచ్చాయి. పెద్దవాళ్లు బేనీషాను నీళ్లడిగే జాతి అన్నది ఎంతవరకు నిజమో నాకు తెలియదు గాని, అది వేళ తప్పిన నీళ్లను మాత్రం ఒప్పుకోదు.

గుట్ట దిగువన మామిడి మానేశాము

నీలం చచ్చిన పై కయ్యలో 2017 జూలైలో మామిడి మాట మానేసి సీతాఫలం, ఉసిరి, రేగు పెట్టాము. మామిడి వానకు ఎదురు నడిచే చెట్టయితే, ఈ మూడూ వానతో నడిచేవి అన్న లెక్కతో చేసిన పని అది.

సీతాఫలంలో బాలానగర్‌ 40, అర్కా సహన్‌ 20. వేసవిలో ఆకంతా రాల్చి పుల్లల్లా నిలబడతాయి, అదే వాటి రక్షణ. ఏప్రిల్‌, మే నెలల్లో వచ్చే పూలు దాదాపు నిలవవు. సీతాఫలం పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమై, పుప్పొడి తరువాత రాలుతుంది. పొడిగాలికి కీలాగ్రం (పుప్పొడిని పట్టుకునే ఆడ భాగపు కొన) ఎండిపోతే చిన్న పెంకు పురుగులు పుప్పొడి మోసినా ప్రయోజనం ఉండదు. జూన్‌ వాన పడి గాలిలో తేమ చేరాక వచ్చిన పూలే పిందెలవుతాయి, కాయ పెరిగే కాలమంతా వానకాలమే. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారు చేసిన అర్కా సహన్‌లో గింజలు తక్కువ, గుజ్జు తీపి, మాగిన తరువాత నిలుస్తుంది కూడా. మా చేలో దాని పిందె చేత్తో పుప్పొడి అద్దిన కొమ్మల్లోనే బాగా నిలిచింది. తెల్లవారుజామున బాలానగర్‌ పూల పుప్పొడిని కుంచెతో అద్దాలి. ఇరవై మాన్లకు మా అత్త, నేను కలిసి చేశాము, ఎకరాలకు ఎకరాలు చేయలేము. బాలానగర్‌ ఏ సాయమూ అడగలేదు. అడుగున్నర మన్నులో, నాటిన మొదటి వేసవి తప్ప నీళ్లు చూడకుండా, 40లో 37 నిలిచాయి. మేకలు ఆకు ముట్టవు, కంచె ఖర్చూ మిగిలింది.

ఉసిరిలో నేను మళ్లీ ఒక తప్పు చేశాను. ఎన్‌ఏ-7 రకం ఒక్కటే 15 నాటాను. ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కట్టదు, వేరే రకం పక్కన ఉండాలి. పూత విరగబూసి పిందె పట్టకపోతే 2020లో నాలుగు మాన్ల మీద కాంచన్‌ రకం కొమ్మలు అంటు కట్టాను. 2022 నుంచి కాపు కంటికి ఆనింది. వసంతంలో కట్టిన ఉసిరి పిందె ఆవగింజకు కాస్త పెద్దదిగా వేసవంతా కదలకుండా ఉండి, వానలు పట్టాకే పెరగడం మొదలుపెడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే తప్ప మేలో ఆ కొమ్మ మీద కాపుందని నమ్మలేము. రేగు ఆరు మొక్కలే కాబట్టి ఏమీ తేల్చలేను. ఏప్రిల్‌లో కొమ్మలు నరికితే వానకు కొత్త కొమ్మ వేసి, దాని మీదే పూసి, సంక్రాంతికి పండు ఇస్తుంది. మేకల నుంచి కాపాడడమే దాని సేద్యం.

మండీ తక్కెడ

వానతో పోల్చి చూస్తే మామిడిలో తోతాపురి, నీలం ముందుంటాయి. ధరతో పోల్చితే లెక్క తలకిందులవుతుంది. తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీలే ముఖ్యమైన దారి. 2025లో కాయ విపరీతంగా వచ్చి ధర పడిపోయినప్పుడు కిలో 12 రూపాయలకు కొనాలని, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. మా కాయ దింపడానికి ట్రాక్టరు రెండు రోజులు వరుసలో నిలబడింది. నీళ్లు లేక చిన్నగా ఉండిపోయిన కాయనైతే అడిగేవాళ్లే లేరు. ఒక మండీలో తూకానికి టన్నుకు ఇంత సూటు (తరుగు) అని కోసేసి, చిన్న కాయ అని మళ్లీ కోసేశారు. ఆ చీటీ ఇంకా నోటుపుస్తకంలోనే ఉంది. అదే ఏడాది బేనీషా తక్కువే కాసినా, మే నెలలో చేలోకే వచ్చి కొనుక్కుపోయారు. సీతాఫలం బుట్టలు మా అత్త తిరుపతి రోడ్డు పక్కన తానే అమ్మింది, తూకం లేదు, కాయల లెక్క.

అందుకే ఒకే రకం వేయమని ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. ఇలాంటి చేనే ఇంకొకటి నా చేతికి వస్తే, ముందు ఇరవై అడుగులకొకసారి గడ్డపార దించి మన్ను లోతు గీసుకుంటాను. నాలుగడుగుల మన్నున్న చోట బేనీషా, నడుమ తోతాపురి ఎక్కువగా, నీలం కొద్దిగా. రెండడుగుల లోపు గరుసు తగిలిన చోట మామిడి గుంత తవ్వను, బాలానగర్‌ సీతాఫలం పెడతాను. మామిడి ఎక్కడ పెట్టినా టెంకతోనే మొదలుపెడతాను. ఒక ఏడాది ఆలస్యమవుతుందని రైతు గొణిగినా సరే. బండి మీద నీళ్లు మొదటి రెండు వేసవులు తప్పవు. ఉపాధి హామీ పనుల్లో మామిడి నాటుకున్న మెట్ట రైతులకు ఈ ఖర్చు కొంతవరకు సర్దుకోవడానికి వీలుండేది.

మా చేలో ఖాళీ గుంతలు ఇంకా పదకొండు మిగిలాయి. ఈ జూలైలో వాటిలో టెంకలు వేశాము, తొమ్మిది మొలిచాయి, ఎర్రటి చిగురుతో జానెడు ఎత్తున్నాయి. మామ ప్రతి సాయంత్రం కర్ర పట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నారు. మొన్న, "వీటికి ఏం అంటు కట్టబోతున్నావ్‌ అల్లుడా, బేనీషానా, నీలమా?" అని అడిగారు. "వేరు దిగనీ మామా, వచ్చే ఆగస్టు వరకు టైముంది" అన్నాను. ఆయన కర్రతో ఒక మొలక పక్కన మన్ను గుచ్చి చూసి, ఎంత దిగిందో నాకు చూపించారు.